వన్స్ మోర్ అనుకుంది మా అత్త

మా అత్త పోయింది. కర్నూల్లో మా అంగడి ఎనక రెండు రూముల్లో బాడుగకుండిన నాటకాల అత్త. చుట్టరికమేమీ లేదు. చిన్నప్పటి నుంచి అత్తా అని పిలిస్తిమి, అత్త అయిపోయింది. పొద్దున పాలప్యాకెట్టు వాకిట్లో అట్లే పడుండాదని మా తమ్ముడు చెప్తే పోయి తలుపు తట్టినా. వీధి చివరిదాకా పలికే గొంతు పలకలే. నిద్రలోనే పోయిందని డాక్టరు చెప్పినాడు.

ఏడ్చినా. అబద్ధమెందుకు, శానా ఏడ్చినా. కానీ మూడో దినం ఏడుపు ఆగిపోయి కోపమొచ్చింది. ఆయమ్మ ఏండ్ల తరబడి నాకొక అబద్ధం చెప్తా వచ్చిందని ఆ పొద్దే తెలిసింది. పోయినోళ్ల గురించి మంచే మాట్లాడల్లంటారు. మాట్లాడతా, మంచి శానా ఉండాది. ఆ అబద్ధం గురించి కూడా మాట్లాడతా. లేకుంటే నాకు అన్నం దిగేటట్టు లేదు.

రాణి వేషాలకు ఆయమ్మ పెట్టింది పేరు. ఆలూరు పక్క పల్లెల్లో తేరు జరిగితే నాటకముండల్ల, నాటకమంటే ఆయమ్మ ఉండల్ల. బనగానపల్లె పక్క ఆడి వస్తే మామిడిపండ్ల బుట్టతో బస్సు దిగేది. పండ్లు వీధంతా పంచిపెట్టి, తిన్నోళ్ల దగ్గర కూర్చుని టెంకలు పారేయద్దని చెప్పేది. టెంక చీకితే గొంతుకు మంచిదంట. ఏ వైద్యుడు చెప్పినాడో ఏమో.

నాటకమున్న పొద్దు పెరుగు ముట్టేది కాదు. మా అంగట్లో మిరియాలు, పటికబెల్లం తీసుకుని బుగ్గన పెట్టుకునేది. అప్పుడు ఏమడిగినా చేత్తో సైగలే. మైకులు వచ్చినాక కూడా వాటికి దూరంగానే నిలబడేది. ఎందుకత్తా అంటే, "ఆఖరి వరసలో బీడీ తాగేవానికి ఇనపడల్ల పాపా. ముందర కూర్చునే పెద్దమనుషులు ఎట్లాగూ నిద్రపోతారు" అనేది. ఈ పొద్దు నేను గల్లాపెట్టె కాడ కూర్చుని మాట్లాడితే మెట్ల కింద మనిషికి కూడా తెలుస్తాదంటే, అది ఆయమ్మ దగ్గర నేర్చుకున్నదే.

కొడుకు పీనుగు ముందర రాణి ఏడ్చే సీను ఒకటుండేది. అందులో "నాయనా" అన్న ఒక్క మాటను, ఆయమ్మ నాటకాలన్నిటికీ వాయించే హార్మోనియం మామకు వేళ్లు నొప్పి పుట్టేదాకా సాగదీసేది. జనం లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. చచ్చిన కొడుకు ఒకసారి కండ్లు తెరిచి, గోక్కుని, మళ్లీ చచ్చేవాడు. ఆయమ్మ మళ్లీ అందుకునేది. రెండోసారి మొదటిదానికంటే పొడుగుండల్ల, లేకుంటే అడిగినోళ్లను తక్కువ చేసినట్టేనని ఆయమ్మ లెక్క. ఈ మాట మీరు కొంచెం గుర్తు పెట్టుకోండి.

రానురాను నాటకాలు తగ్గినాయి, సినిమావాళ్లు మా సీమ మీద పడినారు. ఆ ఏండ్లలో ఏ సినిమా చూసినా కొడవండ్లు, జీపులు, నాటుబాంబులు, వాటి మధ్యన కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకామె. అట్లాంటి తల్లి వేషమే మా అత్తకు వచ్చింది. ఓర్వకల్లు రాళ్లగుట్టల కాడ షూటింగు. హార్మోనియం మామతో పాటు నేనూ పోయినా. కొడుకు వేషమేసినవాని తల ఒళ్లో పెట్టుకుని, డైరెక్టరు చెప్పినట్టు రాగం తీయకుండా ఆయమ్మ అన్నది ఒకటే మాట: "ఈడనే ఉండా, యాడికీ పోలే నాయనా." ఆ ఎండలో గొడుగులు పట్టుకున్నోళ్లు కూడా కండ్లు తుడుచుకున్నారు. డైరెక్టరు వచ్చి కాళ్లకు మొక్కినాడు. ఆ సీనుకు మళ్లీ గొంతు చెప్పేదానికి, అదే డబ్బింగుకు, హైదరాబాదు రావల్లంటే, మామను తోడు తీసుకుని పోయొచ్చింది. ఎట్ల జరిగిందత్తా అని అడిగితే, బాగనే జరిగిందని చెప్పి పడుకుంది.

సినిమా వచ్చిన పొద్దు మ్యాట్నీకి మా వీధి వీధంతా కదిలింది. మా నాయన పోయినప్పుడు తప్ప మూయని అంగడికి ఆ పొద్దు తాళమేసినాం. తెర మీద ఆయమ్మ మొగం పడతానే ఈలలు. నోరు తెరిచింది. "ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు బాబూ" అని ఎవరిదో సన్నని గొంతు. ఈలలు టక్కుమని ఆగిపోయినాయి. ఎనక ఎవడో కిసుక్కున నవ్వినాడు. నా పక్కన కూర్చున్న ఆయమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగితే, నా మొగం చూడకుండా చెప్పింది.

"నేను చెప్పే వచ్చినా పాపా. నా గొంతు తీసి పారేసినారు."

నమ్మినా. ఎందుకు నమ్మను? అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ బెల్లం తూకమేస్తా, కందిపప్పు పొట్లం కడతా ఆ మోసం చెప్పుకున్నా. సినిమాలకు పోయేది మానేసినా. కొన్నేండ్లకు ఇంకో సినిమావాళ్లు అంగడి మెట్లెక్కి ఆయమ్మ కోసం అడిగితే, ఒకసారి గొంతు కోసింది సాలదా అని దులిపి పంపించినా. ఆయమ్మ ఎనక రూంలో అంతా ఇంటానే ఉండె. సాయంత్రం నాకిష్టమని ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలతో తెచ్చిచ్చింది. వాళ్ల మాట మాత్రం ఎత్తలే.

ఆ సినిమా అప్పుడప్పుడు మధ్యాహ్నం టీవీలో వచ్చేది. ఆయమ్మ వచ్చి మా ఇంట్లో కింద కూర్చుని, సౌండు తీసేయమనేది. తెర మీద తన పెదాలు కదిలేటప్పుడు ఆ మాట తానే చెప్పేది. తెర మీద నోరు మూతబడినాక కూడా ఆయమ్మ "నాయనా" సాగతానే ఉండేది. "థూ, ముందే నోరు మూసుకుంటాది ముండ" అని తిట్టేది. ఆ సన్నగొంతామెను తిడతాండాదనుకుని నేనూ రెండు తిట్లు కలిపేదాన్ని.

మూడో దినం హార్మోనియం మామ వచ్చినాడు. మాటల్లో నేను మళ్లీ ఆ సినిమావాళ్లను ఎత్తుకుంటి. వాళ్ల నోట్లో మన్ను పడ, ముసలామె ఉసురు పోసుకున్నారంటి. మామ చెయ్యి అడ్డం పెట్టినాడు.

"వాళ్లను తిట్టద్దు పాపా" అన్నాడు. "ఒట్టేయించుకుంది, అందుకే ఇన్నాళ్లు చెప్పలే."

హైదరాబాదులో ఆయమ్మను ఒక రూంలో మైకు ముందర నిలబెట్టినారంట. ఎదురుగా తెర మీద ఆయమ్మ సీనే వేసినారు. పెదాలు కదిలినంతసేపే మాట ఉండల్ల. ఆయమ్మ చెప్పింది. అద్దం అవతల నుంచి "వన్ మోర్ అమ్మా" అన్నారు. మా అత్త చెవికి అది వన్స్ మోర్. మొగం వెలిగిపోయిందంట. మళ్లీ చెప్పింది, మొదటిదానికంటే పొడుగ్గా. మళ్లీ "వన్ మోర్" అన్నారు. ఇంకా పొడుగ్గా చెప్పింది. వాళ్లు అడిగేకొద్దీ ఈయమ్మకు సంబరం, సంబరమయ్యేకొద్దీ రాగం. ఆఖరికి ఒకాయన లోపలికొచ్చి, కుదరలేదమ్మా, అందుకే మళ్లీ మళ్లీ అడగతాండామని చెప్పినాడు. మర్యాదగానే చెప్పినాడంట. మీ గొంతే కావల్ల, రేపు ఇంకోసారి చూద్దామని బతిమాలినారు కూడా. ఆయమ్మ కొంగు సర్దుకుని, వేరే ఎవరితోనన్నా చెప్పించుకోండి నాయనా అని, చెప్పులేసుకుని వచ్చేసింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మామను ఒకటే అడిగిందంట: "బాగలేకుంటే కూడా వన్స్ మోర్ అంటారా అప్పా?"

నేను మామ మీద కూడా అరిచినా. ఒట్టేసినవాడు పాపం, ఆయనేం చేస్తాడు. నాకు మాత్రం మండిపోతాండాది. నన్ను వాకిట్లో కాపలాకు పెట్టి, తన సిగ్గును నా కోపం కింద దాచుకుంది. నాతో చెప్పింటే నవ్వేదాన్నా? ఊరంతా తిరిగి నేను చెప్పిన మాట అబద్ధమని ఇప్పుడు ఎవరికి చెప్పల్ల? ఎత్తి పెంచిన చేతులతోనే నన్ను మోసం చేసింది. ఆ ఉగ్గాని తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదైతాండాది.

ఇంకొకటి కూడా ఇప్పుడే తెలిసింది. టీవీ ముందర ఆయమ్మ ఆ సన్నగొంతామెను తిట్టలే. తెర మీద ఉండే తననే తిట్టుకుంటాండె. అన్నేండ్లూ మా ఇంట్లో, నా కండ్ల ముందరే, ఆ ఒక్క మాటను పెదాలకు సరిపోయేటట్టు నేర్చుకుంటాండె. ఒక్కసారి కూడా సరిపోలే.

నిన్న మధ్యాహ్నం ఆ సినిమా మళ్లీ వచ్చింది. మా తమ్ముడు నా మొగం చూసి మార్చబోతే, వద్దని రిమోటు తీసుకుని సౌండు తీసేసినా. రాళ్లగుట్టలు కనిపించినాయి. ఒళ్లో కొడుకు తల. ఆయమ్మ పెదాలు కదిలినాయి, మూతబడినాయి. సీను మారిపోయి జీపులు పోతాండాయి. అంగట్లో ఎవరో చక్కెర అడగతాండారు. నేను మాత్రం ఎనక రూం తట్టు చెవి పెట్టి, ఆ మిగిలిన "నాయనా" కోసం అట్లే కూర్చున్నా.