ఒకటుంచు గారు

మా ఇంజనీరు గారు ఎంత పాడుబడ్డ భవనాన్నయినా బాగుచేస్తారు. కుంగిన కప్పు లేపుతారు, ఉబ్బిన గోడ సర్దుతారు, చెదలు తిన్న దూలానికి కొత్త ముక్క అతికించి ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా చేయిస్తారు. అంతా పూర్తయ్యాక మాత్రం, భవనంలో మిగిలిన ఏదో ఒక్క లోపాన్ని పట్టుకుని, "ఇదొక్కటీ ఉంచండి" అంటారు. ఇక దాని జోలికి వెళ్లినవాడికి ఆయన చేతిలో మూడిందే.

అందుకే మేము ఆయనకు 'ఒకటుంచు గారు' అని పేరు పెట్టుకున్నాం. ఎదురుగా సార్ అంటాం. ఆయన వెనక్కి తిరగ్గానే అసలు పేరు మరిచిపోతాం.

మనిషి పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వాలి, పడబోయే గోడకు దన్నుగా పెట్టిన వాసంలా ఉంటారు. చేతిలో ఎప్పుడూ చిన్న కొయ్య సుత్తి. కనిపించిన చెక్కనల్లా, గోడనల్లా టక్ టక్‌మని తట్టి చెవి ఆనిస్తారు. ఒకసారి పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు ఆయన పన్ను చూసే లోపు ఈయన డాక్టరు గుమ్మం తట్టి చూసి, "మీకు లోపల బాగా పుచ్చిందండీ, ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారు?" అని చీవాట్లు పెట్టారు. ఆ రోజు నోరు తెరిచింది డాక్టరే.

ఇక వాళ్ల ఇంటి సంగతి. కుళాయిని బతిమాలితే గానీ నీళ్లు రావు. అలమర తెరిస్తే తలుపు చేతికొస్తుంది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఏమిటమ్మా ఇది?" అని అమ్మగారిని అడిగాను.

"ఊళ్లో భవనాల్లో ఒక్కటే ఉంచుతారు నాయనా," అన్నదావిడ, ఊడిన తలుపును గోడకు ఆనిస్తూ. "మా ఇంట్లో అన్నీ ఉంచారు."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే ఆయన వల్ల ఆవిడ తరువాత ఎక్కువ నష్టపోయింది నేనే. నేను వడ్రంగిని. పని ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. వేళ్లు కోసుకుంటూ, చెక్క పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. నా తలుపు ద్వారబంధంలో కూర్చుంటే మధ్యలో కాగితం దూరకూడదు, అదీ నా పట్టుదల. కానీ ఆయన ఉంచే ఆ ఒక్కటీ తాపీ పనిలో ఉండదు, రంగుల్లో ఉండదు. చచ్చినట్టు నా చెక్కలోనే ఉంటుంది.

పాత పోస్టాఫీసును కుట్టుపని కేంద్రంగా మార్చినప్పుడు, ముందు గదికీ వెనక గదికీ మధ్య ఉన్న తలుపు పూర్తిగా పడేది కాదు. బెత్తెడు సందు ఉండేది.

"కాస్త చిత్రిక పడితే పోతుంది సార్," అన్నాను.

"వద్దు. భవనానికి ఊపిరాడాలి."

"కిటికీలు ఉన్నాయి కదా సార్?"

"అవి ముక్కులు. ఇది నోరు."

ప్రారంభం నాడు ఒక పెద్దమనిషి ఆ తలుపును రెండుసార్లు లాగి చూసి, "వడ్రంగి ఎవరండీ?" అన్నాడు. ఎవరో పని కట్టుకుని నన్ను చూపించారు. అదృష్టం కొద్దీ వెనక గది ఉయ్యాల్లో పాప ఏడ్చింది. ముందు గదిలో మిషను తొక్కుతున్న తల్లి లేచి పరిగెత్తింది. ఆ సందట్లో నేను తప్పించుకున్నాను.

తరువాత నూలు మిల్లు ఆసుపత్రి అయింది. దాని పక్క వాకిలి గడప మధ్యలో అరిగి అరిగి, జీనులా వంగిపోయి ఉంది. నేను మంచి టేకు తెచ్చి, నున్నగా తీర్చి, ముఖం చూసుకునేంత మెరుగుపెట్టి కొత్త గడప చేశాను.

"బాగుంది. కానీ పాతదే ఉంచు," అన్నారు.

"ఇది కూడా ఊపిరేనా సార్?"

"కాదు. ఇది జ్ఞాపకం."

"పోస్టాఫీసులో ఊపిరన్నారు?"

"ఆ భవనం వేరు, ఈ భవనం వేరు. అందరికీ ఒకే మందు వేస్తారా?"

గడప పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆసుపత్రి ఆయా, ఒక కాలు ఈడ్చుకుంటూ బకెట్టు మోసుకొచ్చి, "జరుగు బాబూ, దారికి అడ్డం" అంది. జరిగాను. ఆమె ఆ వంపు మీదుగా కాలు ఈడ్చుకుంటూనే దాటిపోయింది. ఆ టేకు గడప ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మా ఆవిడ దాని మీద నీళ్ల బిందెలు పెడుతుంది.

ఇలా ఉండగా పాత ధాన్యపు గోదామును గ్రంథాలయం చేసే పని వచ్చింది. మూరెడు మందం గోడలు, పెద్ద పెద్ద దూలాలు, పైకి వెళ్లడానికి ఒకే ఒక చెక్క మెట్లదారి. కింద బస్తాలు తూచిన చోట పిల్లల గది, పైన పుస్తకాలు. తాపీ పని మా బావమరిదిది. మెట్ల కింద గదిలో కాపలా తాత. గోదాములో బస్తాలు దొర్లిన కాలం నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. వేరే ఇల్లు లేదు, వాకిలి లేదు. ఆ గదే ఆయనకు అన్నీ.

తాత కళ్లంటే మాకు హడల్. గది తలుపు ఓరగా వేసుకుని లోపల కూర్చుంటాడు. మేము మెట్లెక్కుతుంటే చాలు, "ఏం మేస్త్రీ, ఇవాళ రంపం కూడా మోస్తున్నావే!" అంటాడు. "ఏరా తాపీ, మోకాలు మళ్లీ పట్టేసిందా?" అంటాడు. అన్నీ నిజమే.

"అవి కళ్లు కావు బావా, గద్ద కళ్లు," అనేవాడు మా బావమరిది. వాడు తాతకు భయపడి పని ఎగ్గొట్టడం కూడా మానేశాడు.

గ్రంథాలయం సంఘానికి అధ్యక్షురాలు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ గదిలోకి వస్తే గోడలు కూడా నిటారుగా నిలబడతాయి. ఒకరోజు వచ్చి అన్నీ చూసి, మెట్ల మలుపు దగ్గర ఆగింది. ఆ మలుపు మెట్టు మీద అడుగు పడితే గోదామంతా వినిపించేలా కిర్రుమనేది.

"చదువుకునే చోట ఇదేం గోల? శనివారం మళ్లీ వస్తాను. ఈ మెట్లు నోరెత్తకూడదు. పాత నాటకశాల పని మీకివ్వాలో వద్దో ఈ మెట్లే చెబుతాయి."

"నోరెత్తకుండా ఎలా చెబుతాయి బావా?" అని మా వాడు నా చెవిలో గొణిగాడు.

ఆవిడకు అదీ వినిపించింది. వాణ్ణి ఒక చూపు చూసి, మాట కొనసాగించింది. "అన్నట్టు, ఆ కాపలా పెద్దాయనకు వయసు మీద పడింది. శనివారమే ఆయన్నీ చూస్తాను. చూపు ఆనకపోతే వేరే మనిషిని పెట్టుకుందాం."

తాతకు చూపు ఆనకపోవడం! మేమిద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. ఇంజనీరు గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ వెళ్లగానే ఆ మెట్టును సుత్తితో తట్టి, చెవి పెట్టి, అన్నారు కదా:

"ఇదొక్కటీ ఉంచండి."

నాకు కాళ్ల కింద మెట్టు కదిలినంత పనయింది. "సార్! మీకు దండం పెడతాను. కిటికీ ఉంచుకోండి. అలమర ఉంచుకోండి. కావాలంటే నేనే కొత్తగా ఒకటి పాడుచేసి ఇస్తాను."

"నాకు ఇదే కావాలి."

"ఎందుకు సార్?"

"చారిత్రక ధ్వని," అని చెప్పి దిగి వెళ్లిపోయారు. దిగేటప్పుడు కూడా అది కిర్రుమంది, నన్ను వెక్కిరిస్తున్నట్టు.

శనివారం పొద్దున్నే పనికి వచ్చి మెట్లెక్కాను. మలుపు దాటాను. చప్పుడు లేదు. వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కాను. చప్పుడు లేదు. వంగి కిందనుంచి చూశాను. మెట్టుకీ దాని నిలువు పలకకీ మధ్య సన్నటి చెక్క చీలిక దిగ్గొట్టి, జిగురు పూసి, కింద నుంచి మరమేకు బిగించి ఉంది. పైన మా బావమరిది పళ్లు బయటపెట్టి నిలబడ్డాడు.

"ఎవడ్రా నా చెక్క ముట్టుకుంది?"

"నేనే బావా, నిన్న మీరంతా వెళ్లాక. నాటకశాల పని పోతే అక్క నిన్నేమీ అనదు. నన్ను దులిపేస్తుంది."

తాపీవాడు నా చెక్క మీద చెయ్యి వేస్తాడా! పైగా పని చక్కగా చేశాడు. అది ఇంకా పెద్ద అవమానం.

ఇంతలో ఇంజనీరు గారు వచ్చి మెట్లెక్కారు. మలుపు దగ్గర అలవాటుగా అడుగు నొక్కి, చప్పుడు రాక ఆగిపోయారు. అప్పుడే కింద గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎవర్రా అది? పిల్లిలా ఎక్కుతున్నావేం? ఏం పట్టుకుపోదామని?"

తాత కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. ఇంజనీరు గారు కిందికి దిగి ఆయన ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర నిలబడ్డారు.

"అడుగుతుంటే నీకే! పలకవేం?" అన్నాడు తాత, ఆయన భుజం పక్కనున్న గోడను చూస్తూ.

"నేనే పెద్దాయనా."

"అయ్యో, మీరా బాబూ! వెలుతురు కళ్లలో పడి..." అన్నాడు తాత.

వెలుతురు తాత వెనక ఉంది.

నేనూ మా బావమరిదీ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మేము ఇన్నాళ్లూ పొగిడిన గద్ద కళ్లు రెండూ ఆ మెట్టులో ఉన్నాయి. వాటికి మావాడు జిగురు పూసి మర బిగించాడు. సాయంత్రం అధ్యక్షురాలు వస్తుంది.

ఇంజనీరు గారు మా దగ్గరికి వచ్చి, మెట్టును తట్టి చూసి, "పని చాలా బాగా చేశారు," అన్నారు. "ఇప్పుడు చెడగొట్టండి."

చెడగొట్టడమంటే సులువనుకున్నాను. మర విప్పాను, చీలిక లాగాను, జిగురు గీకాను. అడుగు వేస్తే అది గుయ్‌మంది. ఇంకాస్త వదులు చేస్తే టక్‌మంది. పాత కిర్రు పత్తా లేదు. అప్పుడు ఇంజనీరు గారు కిందికి వెళ్లి, ఎంతో మర్యాదగా, "పెద్దాయనా, ఈ మెట్టు అసలు ధ్వని ఎలా ఉండేదో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీరు కూర్చుని చెబితేగానీ ఈ పని తెమలదు," అన్నారు.

తాత తలకు గుడ్డ చుట్టుకుని, స్టూలు వేయించుకుని, సభకు అధ్యక్షత వహించినట్టు కూర్చున్నాడు. మా బావమరిది ఎక్కడం, దిగడం. నేను మెట్టు కింద వెల్లకిలా.

"ఇదెలా ఉంది తాతా?"

"కప్ప."

కాస్త చెక్క తీశాను.

"ఇప్పుడు?"

"ఇది తలుపు. మెట్టు కాదు."

మేకు ఒకటి వదులు చేశాను.

"ఆ, దగ్గరికొచ్చింది. కానీ మన మేస్త్రీకి జలుబు చేసినట్టుంది."

"నేను తాతా, తాపీని!"

"చూశావా మరి? ఇంకా తేడా ఉంది. కానివ్వండి."

చివరికి గుగ్గిలం మెత్తగా నూరి చెక్కల మధ్య చల్లి, మేకును వెంట్రుకవాసి బిగించి, నేనే ఎక్కాను. కిర్ర్ర్‌మని తోక పొడుగ్గా సాగింది.

"అదీ!" అని తాత స్టూలు మీంచి లేచాడు. "మేస్త్రీ! ఎడమ చేతిలో సుత్తి!"

నిజంగానే ఎడమ చేతిలో సుత్తి ఉంది. నా జన్మలో ఎన్నో తలుపుల నోళ్లు మూయించాను. చెక్కకు మాట నేర్పింది అదే మొదటిసారి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం అధ్యక్షురాలు వచ్చింది. నేరుగా మెట్లెక్కింది. మలుపు దగ్గర అడుగు వేసింది. కిర్ర్ర్. ఆవిడ పెదాలు బిగుసుకున్నాయి. మా బావమరిది నా వెనక్కి చేరాడు. ఆవిడ నోరు తెరిచే లోపే మెట్ల కింద నుంచి తాత గొంతు వచ్చింది.

"నమస్కారమమ్మా, అధ్యక్షురాలు గారూ! కొత్త చెప్పులా? ఎడమది కరుస్తున్నట్టుంది!"

ఆవిడ ఉలిక్కిపడి కమ్మీ మీదుగా కిందికి వంగి చూసింది. కనిపించింది ఓరగా వేసిన తలుపు మాత్రమే.

"ఆయన ఎక్కణ్ణుంచి చూశాడు?"

"తాత కళ్లకు గోడలు అడ్డురావమ్మా," అన్నాడు మా వాడు నా వీపు వెనక నుంచి.

ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. "పుస్తకాలన్నీ పైన ఉన్నాయమ్మా. దారి ఇదొక్కటే. మెట్లు నోరు మూసుకుంటే, ఎవరు పుస్తకం చంకన పెట్టుకుపోయినా మనకు తెలియదు. అందుకని ఇదొక్కటీ ఉంచాం."

ఆవిడ తన వెంట వచ్చిన గుమాస్తాను ఎక్కమని సైగ చేసింది. కిర్ర్ర్.

"ఎవరో కొత్తాయన! కాస్త బరువైన మనిషి. జేబులో తాళాల గుత్తి ఉంది!"

గుమాస్తా జేబు తడుముకున్నాడు. అధ్యక్షురాలు కిందికి దిగి, తాత గది ముందు నిలబడింది. తాత గుమ్మానికి నమస్కారం పెట్టాడు. ఆవిడ నిలబడింది కిటికీ వైపు. ఆవిడ మెల్లగా జరిగి, ఆ నమస్కారం తగిలే చోట నిలబడి, ప్రతినమస్కారం చేసింది.

"బళ్లో నేనూ అంతే," అంది మా వైపు తిరిగి. "నల్లబల్ల మీద రాస్తూ, వెనక్కి తిరగకుండానే అల్లరి ఎవరిదో చెప్పేదాన్ని. పెద్దాయన చూపు బాగానే ఉంది. ఆ మెట్టుకు ఎవరైనా నూనె పెడితే ఊరుకోను."

నాటకశాల పని మాకే వచ్చింది.

ఆ రోజు ఇంజనీరు గారి వెంట ఇంటికి వెళ్తుంటే నాకు పోస్టాఫీసు ఉయ్యాల గుర్తొచ్చింది. తరువాత కాలు ఈడ్చుకుంటూ అరిగిన గడప దాటిన ఆయా గుర్తొచ్చింది. ఆగి అడిగాను. "సార్, ఆ పోస్టాఫీసు తలుపు... ఊపిరి కోసం అన్నారు?"

"ఊపిరే," అన్నారాయన చిరాగ్గా. "ఎవరి ఊపిరని నువ్వు అడగలేదు."

నాటకశాలలో మొదటి రోజు నేనే ముందు జాగ్రత్త పడ్డాను. "సార్, ఈసారి ఏది ఉంచాలో ఇప్పుడే చెప్పండి. దాన్ని వదిలేసి పని మొదలుపెడతాం."

ఆయన హాలంతా కలియజూశారు. "ఇప్పుడే ఎలా చెప్పను? ఎవరెవరు వస్తారో చూడనివ్వు," అంటూ దుమ్ము కొట్టుకున్న కుర్చీలో కూలబడ్డారు. కుర్చీ ఫెళ్లున విరిగింది. రెండు వరుసల మధ్య నుంచి ముందు సుత్తి పైకి వచ్చింది, ఆ తరువాత గొంతు వచ్చింది.

"మేస్త్రీ, ఇది మాత్రం బాగుచెయ్యి."