చూడకుండా ఊదిన ఈల

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. చందుర్తికి అవతల ఒక ఊళ్లో జాతర కుస్తీలకు నేను రెఫరీని. ఇద్దరు పహిల్వాన్లు నా కాళ్ల ముందే మట్టిలో దొర్లుతున్నారు. వాళ్లలో ఒకడి వీపు నేలకు ఆనిందో లేదో నేను చూడలేదు. కానీ చూసినవాడిలాగే ఈల ఊది, చెయ్యి పైకెత్తి "చిత్" అన్నాను.

మట్టి కుస్తీలో పాయింట్లు ఉండవు. రెండు భుజాలూ వీపూ కలిసి నేలకు ఆనితే చిత్, కుస్తీ అయిపోయినట్టు. ఒక భుజం ఆని ఇంకోటి గాలిలో ఉంటే ఇంకా నడుస్తున్నట్టే. ఎంతసేపటికీ ఎవరూ చిత్ కాకపోతే ఇద్దరి చేతులూ ఎత్తి బరాబర్ అంటారు. అందుకని రెఫరీ మోకాళ్ల మీద వంగి, అవసరమైతే చెంప మట్టికి ఆనించి, ఆ భుజం కింద సందు ఉందో లేదో చూడాలి. అతనికి ఉన్నది ఆ ఒక్క పనే. ఆ ఒక్క పనే నేను చెయ్యలేదు.

నేను స్టేజీ వైపు చూస్తున్నాను. ముఖ్య అతిథి కారు అప్పుడే వచ్చింది. ఆయన చేతుల మీదుగా నాకు శాలువా కప్పిస్తామని కమిటీ వాళ్లు పొద్దున చెప్పి ఉన్నారు. పళ్లెంలో శాలువాలు పట్టుకొని ఒకాయన మెట్లెక్కుతుంటే, అందులో నాది ఏ రంగుదో అని చూస్తున్నాను. ఇంతలో జనం ఒక్కసారి హోరుమన్నారు. తల తిప్పేసరికి సిరిసిల్ల పహిల్వాన్ కింద ఉన్నాడు, కోరుట్ల పహిల్వాన్ మీద ఉన్నాడు. జనం అరిచారు కాబట్టి అయిపోయే ఉంటుందనుకున్నాను.

కిందున్నవాడు లేవలేదు. అట్లాగే పడుకొని నా ముఖంలోకి చూశాడు.

"ఉస్తాద్, ఎడమ బుజం ఆనలే. సూడు, ఇంకా లేసే ఉన్నది."

నిజంగానే ఆ భుజం కింద నా అరచెయ్యి పట్టేంత సందు ఉంది. ఆ నిమిషంలో ఒప్పుకొని ఉంటే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

"ఈల ఊదినంక లేపితె లెక్కల్లకు రాదు. నేను సూసిన. లెవ్వు" అన్నాను.

మా వైపు జాతరల్లో ఒక పద్ధతి ఉంది. గెలిచినవాడి చెయ్యి పట్టుకొని రెఫరీ గ్రౌండు నాలుగు దిక్కులా తిప్పాలి. ఒక్కో దిక్కున ఆగి, ఫలానా ఊరివాడు గెలిచాడు, ఫలానా ఊరివాడు చిత్ అయ్యాడు అని తన నోటితో చెప్పాలి. మైకులు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. కోరుట్ల పహిల్వాన్ చెయ్యి పట్టుకొని నాలుగు దిక్కులా తిరిగి, నాలుగుసార్లు చెప్పాను. తర్వాత స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకున్నాను.

ఆ సిరిసిల్ల మనిషికి నలభై ఒక్క ఏళ్లు. మరమగ్గాల షెడ్డులో పని. షిఫ్టుకు ముందు కసరత్తు, షిఫ్టు దిగాక మళ్లీ కసరత్తు. ఇరవై ఏళ్ల నుంచి ఇదే. జాతరల్లో బహుమతిగా ఇచ్చే పెద్ద వెండి కడియాలేమీ గెలవలేదు. చాలా కుస్తీలు బరాబర్ అయ్యాయి. రెండుసార్లు ఎడమ భుజం కీలు జారి తానే చేతులెత్తి తప్పుకున్నాడు. కానీ ఒక్కసారి కూడా చిత్ కాలేదు. ఆయన సంపాదన అంతా అదే. సిరిసిల్లలో ఆయన్ని "వీపు ఆననోడు" అనేవాళ్లు. ఆ భుజంతో ఇంక దిగొద్దని డాక్టరు చెప్పాడు. ఆ రోజు కుస్తీకి ముందు ఆయన నా దగ్గరికి వచ్చి కాళ్లకు దండం పెట్టాడు.

"ఇదే ఆఖరుది ఉస్తాద్. గెలుసుడు గెలవకపోవుడు దేవునికెరుక. వీపు ఆనకుంట దిగిపోతె సాలు నాకు."

"పో తమ్మీ, ఏం గాదు" అని వీపు తట్టాను.

అంటే అతనికి ఆ కుస్తీ ఏమిటో నాకు తెలుసు. తెలిసీ స్టేజీ వైపు చూశాను.

ఒక శాలువా కోసం యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎందుకు మెడ తిప్పాడో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. నేను మేడిపల్లిలో పుట్టాను. మా నాయిన రైతు. పదిహేనేళ్లప్పుడు కోరుట్లలో ఒక తాలీంలో చేరాను. తాలీం అంటే ఒక రేకుల గది, లోపల నూనె, పసుపు, మజ్జిగ కలిపి తవ్విన ఎర్రమట్టి, అంతే. నా మొదటి కుస్తీ కొబ్బరికాయ కుస్తీ. జాతరలో ముందు కొత్తవాళ్లను కొబ్బరికాయకు ఆడిస్తారు, చివరికి పేరున్నవాళ్లను వెండి కడియానికి ఆడిస్తారు. ఆ కొబ్బరికాయ మా అమ్మ కొట్టి, బెల్లంతో వాడ మొత్తానికి పంచింది. అక్కడి నుంచి జగిత్యాలలో చివరి కడియం దాకా రావడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ సాయంత్రం నన్ను జీపు మీద నిలబెట్టి బ్యాండు మేళంతో కోరుట్ల తీసుకొచ్చారు.

మూడు నాలుగేళ్లు నన్ను కొట్టేవాడు లేడు. ఎవరైనా బట్టల దుకాణం తెరిస్తే రిబ్బను కత్తిరించేది నేను, పెళ్లి పందిట్లో ముందు కుర్చీలో నేను. పొద్దున లేవడం ఆలస్యమైంది, తర్వాత తాలీంకు పోవడమే మానేశాను. ఒకరోజు నాకు కుస్తీ నేర్పిన మా ఉస్తాద్ దారిలో ఆపాడు.

"కడెం చేతికున్నది గని, కుస్తీ ఒంట్ల లేదురా ఇప్పుడు. రేపటి సంది రా."

రాలేదు. ఆ మాట అన్నందుకు ఆయన వీధిలోంచి పోవడం మానేసి, వేరే సందులోంచి తిరిగాను.

ఆ ఏడాది కోరుట్లలోనే, నా సొంత మనుషుల ముందు, నాకంటే సన్నటివాడొకడు నన్ను రెండు పట్లలో చిత్ చేశాడు. లేచి మట్టి దులుపుకుంటూ "మోకాలు పట్టింది" అన్నాను. అది అబద్ధం. మోకాలు నిజంగా పోయింది ఆ తర్వాతి ఏడాది, తాగి బండి మీంచి పడి. కానీ మోకాలు దెబ్బతినబట్టే మంచి పహిల్వాన్ ఆగిపోయాడని అందరూ అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను. పెళ్లయిన పదేళ్ల దాకా మా ఆవిడకు కూడా అదే తెలుసు.

తర్వాత ఏళ్లకేళ్లు రైసుమిల్లులో వాచ్‌మన్ పని చేశాను. జాతరలకు పోతే జనం వెనక నిలబడి చూసేవాణ్ని. ముందున్నవాడు వెనక్కి తిరిగి "జరుగు కాకా, ఊపిరాడుతలేదు" అనేవాడు, నేనెవరో తెలియక. అట్లాంటి నన్ను ఎనిమిదేళ్ల కింద ఎవరో గుర్తుపెట్టుకొని రెఫరీగా పిలిచారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో ఈల. స్టేజీ మీద మొదటి శాలువా కప్పిన రోజు దాన్ని భుజం మీంచి తీయకుండానే ఇంటిదాకా నడిచాను. మా బీరువాలో ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా ఎవరం కప్పుకోలేదు. ఇదంతా సాకు కాదు. నా ఓటమి గురించి ముప్పై ఏళ్లు అబద్ధం చెప్పినవాడికి ఇంకొకడి ఓటమి గురించి చెప్పడం కష్టమనిపించలేదు, అంతే.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ ఫోను చూపించింది. ఎవరో కుస్తీ వీడియో తీసి గ్రూపులో పెట్టారు.

"మస్తుగ కనవడుతున్నవ్" అంది ముందు. తర్వాత ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది. "గని వాళ్లిద్దరు గిక్కడ వడితె నువ్వు గటెటు సూస్తున్నవ్?"

వీడియోలో భుజం కనిపించదు, కోరుట్ల పహిల్వాన్ అడ్డం ఉన్నాడు. నా తల మాత్రం బాగా కనిపిస్తోంది. పూర్తిగా స్టేజీ వైపు తిరిగి ఉంది.

"చెప్పవేంది?"

"సూడలే" అన్నాను. "సూడకుంటనే ఊదిన."

ఆమె ఫోను పక్కన పెట్టి లోపలికి పోయింది. అన్నం పెడుతూ ఒకే మాట అంది: "గాయినకు చెప్పు, నాకెందుకు చెప్తవ్."

మర్నాడు పొద్దున బస్సెక్కి వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. ఆయన ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. చూపించినవాడు నవ్వుతూ, "చిత్ అయిన పహిల్వాన్ ఇల్లా? గదే, నీలి గేటు" అన్నాడు. నిన్నటిదాకా వేరే పేరు.

ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య భుజానికి నూనె రాస్తోంది. నన్ను చూసి లేవబోయాడు. నేను కూర్చోమని, నిలబడే చెప్పాను.

"తమ్మీ, నిన్న నేను సూడలే. స్టేజీ దిక్కు సూస్తున్న. నీ బుజం ఆనలేదని నువ్వు చెప్పినంక గుడ అబద్ధమాడిన."

 ఆవిడ నూనె గిన్నె కింద పెట్టింది.

"అన్నా, నీకేం తెలుసు? రాత్రి నుంచి అన్నం ముట్టలే ఈయన. పొద్దుగాల నీళ్ల కాడ ఒకామె అన్నది, మీ ఆయన వీపుకు మన్నంటిందట గదా, సబ్బు పెట్టి కడిగినవా అని. షెడ్డుకు ఎట్ల పోతడు ఇయ్యాల?"

"ఊకో నువ్వు" అన్నాడాయన. తర్వాత నన్ను చూడకుండా అన్నాడు. "నాకు చెప్పవడ్తివి ఉస్తాద్. నాకు నిన్ననే ఎరుక, ఆనలేదని. నాకెందుకు చెప్పుడు? నాలుగు దిక్కుల తిరిగి చెప్పినవ్ గదా. గట్లనే చెప్పు."

"నువ్వు గుడ రా."

"నేను రాను. చిత్ కాలేదని నేనే ఎంబడి తిరిగి చెప్పుకోవాల్నా?"

జాతర కుస్తీలు రెండో రోజు కూడా ఉన్నాయి. మధ్యాహ్నానికి అక్కడికి చేరి కమిటీ అధ్యక్షుడికి సంగతి చెప్పాను. ఆయన నన్ను డేరా వెనక్కి లాక్కుపోయాడు.

"పాగల్ గిట్ల అయినవా? కడెం ఇచ్చినం, ఫొటోలు దిగినం. ఇప్పుడు తప్పంటె కమిటీ ఇజ్జతేం గావాలె? ఆయనకు ఫోన్ల చెప్పు, అయిపోతది."

"ఫోన్ల చెప్పేది గాదు."

"మైకు ఇయ్యను మల్ల."

మైకు లేకుండానే గ్రౌండులోకి దిగాను. డప్పులు మోగుతున్నాయి. డప్పులవాళ్ల దగ్గరికి పోయి చేతులు జోడిస్తే ఆపారు. తూర్పు దిక్కున నిలబడి, గొంతు ఎంత లేస్తే అంత లేపి చెప్పాను. నిన్న సిరిసిల్ల పహిల్వాన్ చిత్ కాలేదు. ఆయన ఎడమ భుజం ఆనలేదు. నేను చూడకుండా ఈల ఊదాను. అడిగితే చూశానని అబద్ధం చెప్పాను. తప్పు నాది.

మిగతా దిక్కుల్లోనూ అదే చెప్పాను. రెండో దిక్కున ఒకడు, "తాగినవా ఉస్తాద్?" అన్నాడు. చుట్టూ నవ్వులు. మూడో దిక్కున ఒక ముసలాయన లేచి నిలబడి, "మరి ఇన్నేండ్ల సంది ఎన్ని గిట్ల ఊదినవురా?" అని అడిగాడు.  ఇదొక్కటే అని నేను అనుకుంటున్నాను. కానీ ఆ మాట నేను చెబితే ఎవరు నమ్మాలి?

నాలుగో దిక్కున కోరుట్ల పహిల్వాన్ తన తాలీం వాళ్లతో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పడం అయ్యాక లేచి వచ్చాడు. వాళ్లవాళ్లు వెనక నుంచి చొక్కా పట్టి గుంజుతున్నారు.

"నాగ్గుడ అనుమానముండె" అన్నాడు చిన్నగా. "నేను మీదున్న గదా, ఆ బుజం కింద నా చెయ్యే ఉన్నది. మీరు ఊదిన్రు, నేను ఊకున్న."

"అయితె గీ మాట అధ్యక్షునికి చెప్తవా?"

చెప్పాడు. ఇద్దరం చెబుతుంటే, జనం కేకలేస్తుంటే, అధ్యక్షుడికి వేరే దారి లేకపోయింది. విసురుగా మైకు అందుకొని నిన్నటి కుస్తీ బరాబర్ అన్నాడు. ఆ వెంటనే, ఈ రోజు నుంచి రెఫరీ మారుతున్నాడని కూడా అన్నాడు. నేను ఈల మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపాను.

సిరిసిల్ల చేరేసరికి సాయంత్రమైంది. ఆయన రాత్రి షిఫ్టుకు పోయాడని ఇంటి దగ్గర చెబితే షెడ్డుకు పోయాను. లోపల మగ్గాల మోతకు మనిషి మాట మనిషికి వినపడదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, బరాబర్ అని చెప్పించానని చెప్పాను.

"అందరు విన్నరా?" అని అరిచాడు.

"నవ్వెటోళ్లు నవ్విన్రు. తిట్టెటోళ్లు తిట్టిన్రు. విన్నరు."

తల ఊపాడు. మగ్గంలో ఒక పోగు తెగితే వంగి, కుడి చేత్తోనే ముడి వేశాడు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. అటూ ఇటూ పనిచేస్తున్నవాళ్లు మమ్మల్ని చూసి ఒకరికొకరు సైగలు చేసుకుంటున్నారు. వాళ్లెవరూ ఆ గ్రౌండుకు రాలేదు, నా మాట వినలేదు. ఆయన రేపూ ఎల్లుండీ పనిచేయాల్సింది మాత్రం వీళ్ల మధ్యే.

నేను గోడ పక్కన నిలబడ్డాను. టీ వచ్చింది. ఒక్కొక్కటిగా మగ్గాలు ఆపి, గ్లాసులు పట్టుకొని అందరూ బయట అరుగు మీద కూర్చున్నారు. పదకొండు మంది ఉన్నారు. నేను మొదటివాడి దగ్గరికి పోయి, నేనెవరో చెప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాను.