దూదిలో పండుకున్న నిప్పు

ఆళ్ళగడ్డ అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఆఫీసరుగా నేను బదిలీ అయి వచ్చింది కరోనా మాస్కులు జేబుల్లోకి దిగిన మరుసటి ఏడు, మార్చి నెలలో. ఆ ఊరి ఎండకు నా ఖాకీ చొక్కా ఇస్త్రీ అవసరం లేకుండా తనంతట తనే మడతలు సరిచేసుకునేది. మా శాఖలో హోదాల వరుస ఇది: అడుగున ఫైర్‌మన్, అతని పైన లీడింగ్ ఫైర్‌మన్, ఆ పైన స్టేషన్ ఆఫీసరు. నా పైన ఇంకా చాలామంది ఉన్నారు గాని వాళ్ళంతా నంద్యాలలోనూ, అంతకంటే చల్లటి ఊళ్ళలోనూ ఉంటారు. నా లీడింగ్ ఫైర్‌మన్ పేరు ఓబులేసు. అతను బండెక్కితే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే స్ప్రింగులు కుంగేవి.

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం గంట మోగింది. దూదేకే మస్తాన్ అంగడి అంటుకుంది. ముందు గదిలో దూది మిషన్, వెనక గదిలో కాపురం. మోటారు దగ్గర రేగిన రవ్వ గాలిలో తేలే దూది పొట్టును పట్టుకుంది. దూది పొట్టు మంటను మోసుకుపోయే వేగం చూస్తే, మా బండికి ఆ ఇంజనే పెట్టించాలని అనిపిస్తుంది. మేము పోయేసరికి మస్తాన్, అతని భార్య కాశింబీ, ఇద్దరు ఆడపిల్లలు రోడ్డు మీద ఉన్నారు. కట్టుబట్టలు తప్ప లోపలున్నదంతా పోయింది. బియ్యం పేలాలయ్యాయి. సత్తు గిన్నెలు కరిగి నేలకు అతుక్కుపోయాయి.

మంట ఆర్పడం మా పనిలో సులువైన భాగం. దూది విషయంలో అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కాలిన మూటలన్నీ కొక్కేలతో బయటికి లాగి, విప్పి, పరచి, తడిపి, కాపలా ఉండాలి. పైకి తడిగా కనిపించే మూట నడుమ నిప్పు పొగ కూడా లేకుండా రాజుకుంటూ ఉంటుంది. అందుకే గుమిగూడిన జనానికి నిబంధన ప్రకారం ఒక హెచ్చరిక చెప్పాను: దూదిలో నిప్పు కనపడదు, కాబట్టి రెండు దినాలు ఈ కుప్ప దగ్గరికి ఎవరూ రావద్దు. అంతే. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నా జీవితంలో నేను ఒక విషయాన్ని పెంచకుండా చెప్పిన సందర్భం అదొక్కటే.

ఆ లోటు ఊరు పూడ్చింది.

మొదట ఊరి మంచితనం చెప్పాలి. సాయంత్రానికల్లా చీరలు, దుప్పట్లు, బియ్యం వచ్చి పడ్డాయి. ఇక బిందెలు ఎన్ని వచ్చాయంటే, వాటిని వరసగా పెట్టి నింపితే అవుకు రిజర్వాయరు ఆ ఏటికి ఎండిపోయేది. మస్తాన్ పాత గోడల మీద రేకులు వేసుకున్నాడు. మిషన్‌లో ఇనుప రోలరు బతికింది. దాని మీద వంగిన ముళ్ళను ఒక్కొక్కటే పట్టకారుతో నిలబెట్టుకున్నాడు. కాలిన మోటారును నేనే నంద్యాలలో నాకు తెలిసిన వైండింగ్ మేస్త్రీ దగ్గర వేశాను. తడిసిన దూది మొత్తం ఊరి బయట పారబోయించాము. కొత్త దూది నంద్యాల మిల్లు నుంచి వచ్చింది. రేకుల కింద మిషన్ మళ్ళీ తిరిగింది.

పరుపు మాత్రం ఒక్కటీ రాలేదు.

దూదేకేవాళ్ళకు ఎండాకాలమే పంట. జనం పాత పరుపులు తెచ్చి విప్పించి, దూది ఏకించి, కొత్త గుడ్డతో కుట్టించుకునేది అప్పుడే. పెండ్లి పరుపులు కూడా అప్పుడే. ఆ ఏడు మస్తాన్ అంగడి ముందు నుంచి జనం పరుపులు మోసుకుంటూ వేరే వీధికి పోతున్నారు. కారణం మా స్టేషన్ ఎదుటి టీ బంకు సుబ్బన్న చెప్పాడు. నేనన్న మాట అతని బంకులో ఒక గుక్క టీ తాగి వెళ్ళింది.

“నువ్వే గదా సార్ చెప్పింది, దూదిలో నిప్పు పండుకోనుంటాదని. అది ఆర్నెల్లకు లేస్తాదంట.”

నంద్యాల చేరేసరికి దానికి ఇంకా బలం వచ్చింది. మోటారు బాగుచేసిన కూలి ఇవ్వడానికి పోయినప్పుడు వైండింగ్ మేస్త్రీ, “ఏం సార్, మీ ఊర్లో పెండ్లికొడుకు పరుపు మీదనే బూడిదైపోయినాడంట గదా? బంగారు ఉంగరమన్నా దొరికిందా?” అని అడిగాడు. అతిశయోక్తిలో నాకు పోటీ లేదనుకునేవాణ్ణి. ఆ రోజు చేతులు జోడించాను.

శాస్త్రీయంగా ఖండించాలని సుబ్బన్న బంకు దగ్గర నిలబడి అరగంట మాట్లాడాను. తగలబడిన దూది వేరు, ఇప్పుడున్న దూది వేరు, నిప్పుకు గాలి కావాలి, ఇలా. జనం శ్రద్ధగా విన్నారు. నేను వెనక్కి తిరగ్గానే ఒకాయన అన్నాడు: “ఆఫీసరే వచ్చి లేదు లేదు అంటాండాడంటే, యాడో ఉండే ఉంటాదప్పా.”

మస్తాన్ మెత్తటి మనిషి. సీజన్ పోతే బెంగుళూరులో అపార్టుమెంటు వాచ్‌మన్‌గా చేరతానని బంధువుకు ఫోను చేశాడు. ఆ సంగతి తెలిసిన మర్నాడు పొద్దున కాశింబీ స్టేషన్‌కు వచ్చింది. అడుగు కూడా తడబడలేదు. నేరుగా మా పడక గదిలోకి చూసి, మంచాల మీది పరుపులు చూపించింది.

“సార్, ఇవి మీ సొంతమేనా, గవర్నమెంటువా?”

మంచాలు ప్రభుత్వానివి, పరుపులు ఎవరివి వారివే అన్నాను.

“అయితే ఈయండి. ఏకి కుట్టిస్తాం.”

“కొత్తవే కదమ్మా,” అన్నాడు ఓబులేసు.

“ఏందన్నా కొత్తవి? నువ్వు పండుకున్న తావు బావి మాదిరి గుంత పడింది. సార్, జనం మాకు బిందెలిచ్చినారు. పుణ్యం వాళ్ళది. నీళ్ళు మోసి బతుకుతామా? నిప్పు ఆర్పింది మీరు. ఆరిందో లేదో మీకంటే ఎవురికి తెలుసు? మీరే మా పరుపుల మీద పండుకోండి. ఊరు సూడనీ. నేను బెంగుళూరికి పోయేది లేదు. నా మిషన్ ఈడే తిరుగుతాది.”

ఇరవై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో పైఅధికారులు నాకిచ్చిన ఆదేశాలన్నీ కలిపినా అంత స్పష్టంగా లేవు. వెంటనే ఉత్తర్వు జారీ చేశాను, నోటితోనే. నా క్వార్టర్సులోని పరుపు కూడా చేర్చాను. స్టేషన్ పరుపులన్నీ ట్రాలీ ఆటోకెక్కి ప్రధాన వీధిలో ఊరేగాయి. ఊరు సరిగ్గా అనుకోవలసిన దానికి తలకిందులుగా అనుకుంది: “ఫైరోళ్ళ పరుపులు గూడా అంటుకున్నాయంటప్పా!”

పరుపులు తిరిగొచ్చేదాకా, ఒట్టి మంచాల ఇనుప పట్టీల కంటే నయమని, మేము నాపరాళ్ళ నేల మీద పడుకున్నాము. బేతంచెర్ల నాపరాయి వీపు మీద గీసే గీతలు సర్వే పటాలకు పనికొస్తాయి. ఓబులేసు లేచేటప్పుడు ఎముకలు చేసే చప్పుడుకు ఒకరోజు మా డ్రైవరు గంట మోగిందనుకుని బండి స్టార్టు చేశాడు.

చారల గుడ్డతో పరుపులు వచ్చాయి. కాశింబీ వాటిని లోపలికి పోనివ్వలేదు. ఆవరణలో, రోడ్డు కనపడేలా, వేపచెట్టు కింద ఒకటి పరిపించింది. డ్యూటీ దిగిన ఓబులేసును పండుకోమంది. అతను లుంగీ కట్టుకుని, ఇది శాఖకు మంచిదేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఒరిగిన నిమిషానికే గురక మొదలైంది. ఆ గురకకు ఎదుటి బంకులో గ్లాసులు సన్నగా మోగాయి.

జనం గేటు దగ్గర చేరారు. సుబ్బన్న బంకులోంచి నీళ్ళ బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. అగ్నిమాపక కేంద్రంలో, నీళ్ళ బండికి పది అడుగుల దూరంలో, ఒక అగ్నిమాపక ఉద్యోగిని కాపాడడానికి టీ బంకు యజమాని బకెట్టుతో కాపలా కాసిన దృశ్యం మా శాఖ చరిత్రలో ఇంకెక్కడా ఉండదు.

ఎండ వాలింది. ఓబులేసు అంటుకోలేదు. సుబ్బన్న గేటు తీసుకుని లోపలికి వచ్చి, పరుపు కింద చేయి పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాడు. జ్వరం చూసే డాక్టరు కూడా అంత సేపు చూడడు.

“సల్లగుంది,” అన్నాడు గేటు వైపు తిరిగి. తర్వాత పరుపును ఒత్తి చూసి, గొంతు తగ్గించి, “ఏం మా, ఇంత మెత్తగా యెట్ల కుట్టినావ్?” అని అడిగాడు.

“నీది తే అన్నా, సూపిస్తా,” అంది కాశింబీ. “తెచ్చేటప్పుడు ఆ బకెట్టు ఆడే పెట్టు.”

మర్నాడు సుబ్బన్న తన పరుపును నెత్తిన పెట్టుకుని పట్టపగలు ఊరి నడుమ నుంచి నడిచాడు. ఎవరడిగినా, “ఫైరోళ్ళే పండుకుంటాండారు, నీకేందప్పా బయం?” అన్నాడు. వదంతి ఎంత వేగంగా వ్యాపించిందో, ఇదీ అంతే వేగంగా, అదే బంకు నుంచి వ్యాపించింది. వారం తిరిగేసరికి రేకుల కొట్టం ముందు పరుపుల గుట్ట అహోబిలం కొండకు అడ్డమొచ్చేంత పెరిగింది. మస్తాన్ మళ్ళీ బెంగుళూరుకు ఫోను చేసి, రావడం లేదన్నాడు. ఫోను పెట్టేసే తీరిక కూడా లేక మిషన్ పక్కనే ఉంచాడట. అవతలి బంధువు అరగంట దూది ఏకే శబ్దం విన్నాడు.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను. కొత్తగా చేరే కుర్రాళ్ళు ఎప్పుడైనా పని గురించి అడిగితే ఈ సంగతి చెబుతాను. మంట పూర్తిగా ఆరిందని కంట్రోల్ రూముకు కబురు చెప్పి వెనక్కి రావడం మా విధి. సర్వం పోయిన కుటుంబానికి మాత్రం ఆ కబురుతో మంట ఆరదు. వాళ్ళకు గిన్నెలు, గుడ్డలు ఎవరైనా ఇస్తారు. వాళ్ళు చేసే పనిని ముందుగా నమ్మి, నలుగురూ చూస్తుండగా దాన్ని తీసుకునేవాడు ఒకడు కావాలి. అది చేయడానికి హోదా అక్కర్లేదు. పాత పరుపు ఒకటి ఉంటే చాలు.

నాది ఇప్పటికీ కాశింబీ కుట్టిన పరుపే. ఇంతవరకు అంటుకోలేదు.