పళ్ళాయన పసుప్పచ్చ కారు

మా మావయ్య రోజూ పొద్దున ఏడున్నరకి పళ్ళకి సీటు బెల్టు పెడతాడు.

ముందు గుమ్మం పక్క మేకుకి వేలాడే పాత తువ్వాలు తీసుకుని కారు అద్దాల మీది చెమ్మ తుడుస్తాడు. తలుపు పిడి పట్టుకుని కాస్త పైకెత్తి లాగుతాడు. ఎత్తకుండా లాగితే అది రాదు. ఇంట్లోంచి ఒక రేకు పెట్టె తెచ్చి పక్క సీట్లో నిలబెడతాడు. అందులో అయిదారు చిన్న డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బాలో తడి దూదిలో చుట్టిన ఒక్కో పళ్ళ సెట్టు, మూత మీద అది ఏ డాక్టరుకి చేరాలో పెన్సిలుతో ఒక గుర్తు. బెల్టుని పెట్టె చుట్టూ తిప్పి బిగించి, ఒకసారి లాగి చూస్తాడు. ఆ తర్వాతే తను కూర్చుంటాడు. ఆ కారుని ఎక్కడం అనడానికి లేదు, అందులోకి దిగాలి. ముందు నడుము, తర్వాత తల, చివరికి కాళ్ళు ఒకదాని వెనక ఒకటి.

"ఆ సీట్లో నాకన్నా ఎక్కువ ఊరేగింది ఆ పళ్ళే" అంటుంది అత్తయ్య గుమ్మంలో నిలబడి.

"నిన్ను బెల్టు పెట్టుకోమంటే సణుగుతావు. అవి సణగవు."

"ఎవరి నోట్లోనో పడ్డాక సణుగుతాయిలెండి."

మావయ్య కట్టుడు పళ్ళు చేస్తాడు. ఒక దర్జీ దుకాణం పైన రెండు గదులు ఆయన పనిచేసే చోటు. కింద కుట్టుమిషన్లు నడుస్తుంటే పైన బల్ల సన్నగా అదురుతుంది. అలమరలో ప్లాస్టర్ దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. డాక్టర్లు తీసిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరాక దాని మీద మైనం పరిచి, ఆ మైనంలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతాడు. మరీ తిన్నగా గుచ్చడు. "తిన్నగా ఉంటే కట్టుడువని పసిపిల్లాడు కూడా చెప్తాడు" అంటాడు. వయసు అడిగి, ఆ వయసుకి తగినట్టు ఒక పన్ను ఇసుమంత పక్కకి తిప్పుతాడు. వీధిలో ఆయన్ని పళ్ళాయన అంటారు. పిల్లలకి ఆ కారు పళ్ళబండి. కొత్తగా వీధిలోకి వచ్చిన ఒకావిడ ఒకసారి కారు ఆపి, సంచీ చాచి, అరటిపళ్ళు డజను ఎంతని అడిగింది కూడా.

కారు కొని ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది. ఆవపువ్వు రంగు, రెండే సీట్లు, బట్ట పైకప్పు, పొడుగాటి ముక్కు, నేలకి జానెడు ఎత్తు. ఒక దంతవైద్యుడు తన నడుము ఇక వంగనంటోందని అమ్మేస్తుంటే, అప్పుడప్పుడే సొంతంగా పని మొదలుపెట్టిన మావయ్య కొన్నాడు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఇలాంటి కార్లున్నవాళ్ళు ఆదివారం ఎండ కాస్తే ఒక చుట్టు తిప్పి, సోమవారానికి ముసుగేస్తారు. ఆ సంగతి మావయ్యకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆయన వినలేదో. ఏడాది పొడుగునా అదే కారు. ఎండాకాలంలో సీటు పెనంలా కాలితే కింద గోనెపట్టా పరుచుకుంటాడు. చలికాలంలో ఇంజను వేడెక్కేదాకా దానికి వార్తలు చదివి వినిపిస్తున్నవాడిలా పేపరు పట్టుకుని కూర్చుంటాడు. వానాకాలంలో కప్పు ఒక మూల కారుతుంది. కారేది సరిగ్గా అత్తయ్య భుజం మీదే. అందుకని ఆవిడ వానలో ఎక్కడికెళ్ళినా భుజాన తువ్వాలు వేసుకుంటుంది. బియ్యం బస్తా, కుర్చీ, కిటికీ అద్దం, ఒకసారి అత్తయ్య చెప్పే లెక్కల క్లాసుకి నల్లబల్ల, అన్నీ అందులోనే వచ్చాయి. నల్లబల్ల వచ్చిన రోజు కప్పు తీసేసి, దాన్ని తెరచాపలా నిలబెట్టి తెచ్చాడట.

ఆ కారులో రానిది ఒక్కటే, ముగ్గురున్న కుటుంబం. ముగ్గురూ కలిసి వెళ్ళాలంటే బస్సే. అలా చిన్నప్పటి నుంచీ బస్సు ముందు సీట్లో కూర్చుని డ్రైవర్ని చూస్తూ పెరిగిన వాళ్ళమ్మాయి, అంటే మా వదిన, ఇప్పుడు బస్సు డ్రైవరు. కానీ ఆవిడ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది మాత్రం ఆ పసుప్పచ్చ కారులోనే, మావయ్య పక్కన, పళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకున్న ఆయన కంగారు భరిస్తూ. సిగ్నలు దగ్గర ఎప్పుడైనా తండ్రి కారు పక్కన వదిన బస్సు ఆగితే, పైనుంచి కిటికీ తెరిచి అరుస్తుంది.

"నాన్నా! నువ్వు కనిపించట్లేదు, చెయ్యి పైకెత్తు!"

రెండేళ్ళ కిందట, వానలు మొదలయ్యే ముందు, మావయ్య ఎప్పట్లాగే కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్ డెబ్బై దాటినవాడు. ఆ కారు అడుగు భాగాన్ని ఆయనంత కాలం చూసినవాళ్ళు లేరు. కారు పైకెత్తి, కిందికెళ్ళి, స్క్రూడ్రైవర్‌తో నేల రేకుని తడుతూ పోయాడు. టంగు టంగుమంటున్న చప్పుడు ఒకచోట మెత్తబడింది. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగబడిపోయింది.

"పళ్ళాయనా, ఇలా రా. పుచ్చిపోయింది."

మావయ్య వంగి చూశాడు. తుప్పు గోధుమపిండిలా రాలింది.

"అతుకు వేస్తా. కానీ నువ్వు ఇలాగే ఎండకీ వానకీ తిప్పితే మహా అయితే పదేళ్ళు. తర్వాత అతకడానికి కూడా రేకు మిగలదు. తిప్పడం మానేసి పొడి చోట పెట్టావనుకో, నువ్వూ నేనూ పోయినా అది ఉంటుంది."

ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉంటే సరిపోయేది. చెప్పాడు. వదిన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"అయితే ఆపెయ్ నాన్నా. నాకు ఆ కారు కావాలి."

"నీకు కాక ఎవరికే?"

"అది కాదు. బాగున్నప్పుడు కావాలి. నువ్వు మొత్తం అరగదీసి, చివర్లో తలుపు పిడి నా చేతిలో పెడితే నేనేం చేసుకోను?"

మావయ్యని కూతురు ఎప్పుడూ ఏదీ అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇవ్వాలంటే, తను రోజూ చేసే పని మానుకోవాలి.

మర్నాడు కారుని మెకానిక్ షెడ్డులో వెనక గోడ పక్కన, దిమ్మల మీద నిలబెట్టి ముసుగేశారు. వాన లేని ఆదివారాలు మాత్రం బయటికి తియ్యాలని ఒప్పందం. ఆ ఏడు వాన లేని ఆదివారమే రాలేదు.

రోజూ తిరగడానికి బూడిదరంగు చిన్న కారొకటి, ఎవరో వాడినది, కొన్నారు. దానికి నాలుగు తలుపులు, ఎత్తైన సీట్లు, గట్టి పైకప్పు. అత్తయ్యకి అది మొదటి రోజే నచ్చింది. "మెడ వంచకుండా ఊరు చూడటం ఆ పసుప్పచ్చది కొన్నాక ఇదే మొదలు" అంది. మావయ్య అందులోనూ పెట్టెకి బెల్టు పెట్టాడు. డాక్టర్ల దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు. ఒక క్లినిక్కులో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి కిటికీలోంచి వీధిలోకి చూసి, "ఇవాళ పళ్ళాయన రాలేదేంటి?" అంది, ఎదురుగా ఆయన నిలబడి ఉండగానే.

అంతకుముందు ప్రతి సాయంత్రం ఆయన దగ్గర కారు కబురొకటి ఉండేది. మలుపులో ఎలా తిరిగిందో, ఏ నీళ్ళగుంట దగ్గర దగ్గిందో, సిగ్నలు దగ్గర ఏ ముసలాయన అద్దం తట్టి తన కుర్రతనం చెప్పుకున్నాడో. ఆ నాలుగు నెలలూ కబుర్లు లేవు. "ఎలా గడిచింది?" అంటే "గడిచింది" అనేవాడు. బాధ అని కూడా అనలేం. ఉప్పు తక్కువైన కూర తింటున్నవాడిలా, తింటూనే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక టీచరమ్మ దర్జీ దుకాణం పైకి మెట్లెక్కి వచ్చింది. ఎప్పుడో రిటైరైన మనిషి. పళ్ళు చేసిన చేతులకే చూపించాలని డాక్టర్ని దాటుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు చేసినవే నాయనా. అప్పుడు చక్కగా సరిపోయాయి. ఇప్పుడు మాట్లాడుతుంటే కింద పడుతున్నాయి. పళ్ళు వంకర పోయాయి."

మావయ్య సెట్టు చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్క గీత లేదు. కొత్తదానిలా మెరుస్తోంది.

"రోజూ పెట్టుకునేవారా అమ్మా?"

"రోజూనా? పాడైపోవూ! ఏదైనా పెళ్ళికో ఫొటోకో పెట్టుకుని, కడిగి దాచేదాన్ని. మూడేళ్ళు ఎంత జాగ్రత్తగా చూశానో."

"పళ్ళు మారలేదమ్మా. మీ చిగుళ్ళు మారాయి. రోజూ పెట్టుకుని ఉంటే రెండూ కలిసి అరిగేవి. నేనూ అప్పుడప్పుడు సరిచేసి ఇచ్చేవాణ్ణి."

"అయితే ఇవి?"

"ఇవి మూడేళ్ళ కిందటి మీకు సరిపోతాయి."

టీచరమ్మ డబ్బాకి మూత పెట్టి, "ఆవిడ దొరికితే ఇస్తాలే" అని బోసినోటితో నవ్వింది. మావయ్య కొత్తగా అచ్చు తీయించుకు రమ్మని డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆ కబురు చెప్పి తనూ నవ్వాడు. ఊళ్ళో అందరికీ చెప్పే మాటే కాబట్టి, అంతకు మించి ఆలోచించలేదు.

వానలు వెనకబట్టాక ఒక గురువారం, ఆకాశం తుడిచినట్టుంటే, కారు బయటికి తీద్దామనుకున్నారు. గురువారం వదినకి సెలవు. ముగ్గురూ బూడిదరంగు కారులో షెడ్డుకి వెళ్ళారు. మెకానిక్ ముసుగు తీసి, దిమ్మల మీంచి దింపి, బ్యాటరీ మార్చి, పట్టేసిన బ్రేకులు విడిపించాడు. కారు తళతళలాడుతోంది. తలుపు పైకెత్తి లాగాడు మావయ్య. నడుము దింపాడు. తల వంచబోయేసరికి మోకాలు స్టీరింగుకి తగిలింది. కాలు వెనక్కి తీసుకోబోతే నడుము పట్టేసింది. లోపలికీ బయటికీ కాకుండా, సగం మడిచిన గొడుగులా ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"ఏం లేదు. సీటు ముందుకి జరిగినట్టుంది."

"సీటు ముట్టుకున్నవాడు లేడు" అన్నాడు మెకానిక్. అతను మావయ్య చంకల కింద చేతులు వేస్తే, వదిన తండ్రి కాళ్ళు పట్టుకుంది, ఇద్దరూ కలిసి మెల్లగా బయటికి లాగారు. ముప్ఫై ఏళ్ళుగా రోజుకి పదిసార్లు అందులోకి దిగి లేచిన మనిషి. నాలుగు నెలలు ఎత్తు సీటు మీద కూర్చున్నందుకు ఒళ్ళు ఆ విద్యే మర్చిపోయింది. ఆయన నేల మీద నిలబడి, నడుము పట్టుకుని, కారుని చూశాడు. దానికేమీ కాలేదు.

అత్తయ్య ఆయన గొంతుతోనే అంది, "కారు మారలేదమ్మా. మీ చిగుళ్ళు మారాయి."

ముందు నవ్వింది వదిన. నవ్వీ నవ్వీ బానెట్టు మీద తలపెట్టింది. తలెత్తేసరికి ఆ మొహంలో నవ్వు లేదు.

"నాన్నా, ఇది ఇలాగే ఇరవై ఏళ్ళుంటే నాకెన్నేళ్ళొస్తాయి? యాభై నాలుగు. నాకూ బస్సు సీటే అలవాటు. అప్పుడు నన్నెవరు లాగుతారు?"

మావయ్య మెకానిక్ వైపు తిరిగాడు.

"అతుకు వేస్తానన్నావు కదా."

"వేస్తా. కానీ దీని రేకు ఇప్పుడు దొరకదు. మామూలు రేకు కొట్టి వేస్తా. తెలిసినవాళ్ళు చూస్తే ఇది అసలుది కాదంటారు."

"నేను చేసే పళ్ళు మాత్రం అసలువా? పెట్టుకుని నవ్వట్లేదూ జనం?"

"పదేళ్ళే మరి. తర్వాత నన్ననకూడదు."

"పదేళ్ళకి నాకు అరవై ఎనిమిది. అప్పటికి నన్ను అతకడానికి రేకు ఉంటుందో లేదో." ఆ తర్వాత వదినతో అన్నాడు, "బాగున్నప్పుడు కావాలన్నావు. ఇప్పుడు బాగుంది. గురువారాలు తీసుకో."

"తీసుకుని ఎక్కడికెళ్ళను?"

"ఎక్కడికేంటి? పళ్ళు ఎవరు పంచుతారు?"

నేల రేకు మార్చడానికి మెకానిక్‌కి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ మావయ్య ఇంట్లో పీట మీద కూర్చుని లేచాడు, లేచి కూర్చున్నాడు. అత్తయ్య బడిపిల్లల్ని లెక్కపెట్టించినట్టు లెక్కపెట్టింది. కారు వచ్చిన రోజు ఒక్క ఊపులో దిగలేదు కానీ, మూడు ఊపుల్లో దిగాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "ఆ వంతెన పక్క మలుపు లేదూ..." అని మొదలుపెట్టాడు.

ఇదంతా జరిగి రెండేళ్ళవుతోంది. తలుపు కింద అంచున మళ్ళీ తుప్పు చుక్కలు వచ్చాయి. కప్పు మూల ఇంకా కారుతూనే ఉంది. బూడిదరంగు కారు అత్తయ్య నడుపుతోంది. గురువారాలు పళ్ళ పెట్టెకి బెల్టు పెట్టేది వదిన. ఆ రోజు మావయ్య పనికి బస్సులో వెళతాడు.