పక్కా కాగితాల నేల

న్యూజిలాండ్‌లో, వైకాటో నది ఒడ్డున తమ్ముడి వరసయ్యే శ్రీను కొన్న ప్లాటు చూస్తున్నాం. "టైటిల్ క్లియర్ అన్నా" అని మురిసిపోతున్నాడు.

గట్టు మీద నడిచివెళ్తున్న మావోరీ పెద్దావిడ, ఆ దేశపు మూలవాసి, ఆగింది. నా పేరు అడగలేదు. "మీ నది ఏది?" అంది. వాళ్ళ పరిచయాలు కొండతో, నదితో మొదలవుతాయట.

"కృష్ణ" అన్నాను.

"నాది ఇదే. మా పూర్వీకులు బ్రిటిష్ వాళ్ళతో యుద్ధంలో ఓడిపోయారు. శాంతి పేరు చెప్పి వాళ్ళు ఈ నేలంతా లాక్కున్నారు, మమ్మల్ని ఓడించిన తమ సైనికులకే పంచారు. మా తాత ఇక్కడే కూలి చేశాడు" అని వెళ్ళిపోయింది.

"లింక్ డాక్యుమెంట్లు ఎక్కడిదాకా చూశావురా?" అన్నాను.

"మొదటి ఓనర్ దాకా. ఎవరో సోల్జర్ అన్నా, గవర్నమెంటే ఇచ్చింది" అన్నాడు గర్వంగా.

దొంగసొత్తుకు ఇంత పక్కా కాగితాలు పుట్టించడం మా ఊరి బ్రోకర్లకు కూడా చేతకాదు.