అత్తకు దొరికిన పేరు

పోయిన నెలలో మా మేనత్త కన్నుమూసింది. పొద్దున సంగటి తిని, మధ్యాహ్నం పడుకున్న మనిషి మళ్లీ లేవలేదని నాయన రాయదుర్గం నుంచి ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాక కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.

ఊళ్లో చాలామంది ఆమెను పొగరుబోతు అనుకునేవాళ్లు. ఎదురుపడితే పలకరించదు. మాట్లాడితే మొగం చూడదు. చుట్టాలొస్తే వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంటుంది. తనకల్లు ఊరికి ఇచ్చి చేసిన పెళ్లి ఏడాది తిరక్కుండానే ముగిసింది కూడా అందుకే. "మీ పిల్లకు మెంటలు" అని అత్తగారింటివాళ్లు తెచ్చి దింపిపోయారు. అప్పటి నుంచి అన్న ఇంట్లోనే ఉండిపోయింది. జీన్సు కుట్టే షెడ్లలో మిషన్ల మోతకు తాళలేక, ప్యాంట్లు ఇంటికి తెప్పించుకొని మిగులు దారాలు కత్తిరించేది. రోజూ అదే సంగటి, అదే ఊరిబిండి పచ్చడి. పండగనాడు తీపి ఓళిగలు పెట్టినా పక్కకు జరిపేది.

నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆమె దగ్గరే హాయి. ఎందుకేడుస్తున్నావని అడిగేది కాదు. వచ్చి పక్కన కూర్చునేది. మనుషుల మొగం ఎందుకు చూడవని ఒకసారి అడిగాను.

"మొగం జూస్తే మాట ఇనపడదు పాపా. మాట ఇనాలంటే మొగం ఇడిసిపెట్టాల," అంది.

కొన్నేళ్ల కిందటి మాట. నా కొడుక్కు నాలుగేళ్లొచ్చినా మాటలు రాలేదు. బెంగళూరులో పిల్లల డాక్టరుకు చూపించడానికి బయలుదేరితే, బస్సంటేనే భయపడే అత్త చెవుల్లో దూది పెట్టుకొని నాతో వచ్చింది. ఆ డాక్టరుకు తెలుగు వచ్చు. పిలిస్తే చూస్తాడా, మోత వింటే చెవులు మూసుకుంటాడా, రోజూ ఒకే తిండి తింటాడా అని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. నేను జవాబు చెప్పేలోపు మూలన కూర్చున్న అత్త అంది: "నాకూ అంతే సార్."

డాక్టరు నవ్వాడు. "ఇది పిల్లల్లో చూసేదమ్మా. ఆటిజం అంటారు."

"పిల్లోడు పెద్దోడైతే అది యాడికి పోతుంది సార్?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నా కొడుక్కు ఆటిజమేనని రాసి, అత్తను పెద్దవాళ్లను చూసే ఒక మానసిక నిపుణురాలి దగ్గరికి వెళ్లమని చెప్పాడు.

రాయదుర్గం తిరిగొచ్చి ఈ మాట చెబితే నాయనకు కోపమొచ్చింది. "యాభై ఏండ్లొచ్చినాక కొత్త రోగం ఎతుక్కుంటాండావా? ఊరంతా నవ్వల్లనా?"

"రోగం కాదన్నా నేను ఎతికేది. ఊరోళ్లు నాకు ఒగ పేరు పెట్టినారు. అది నాది కాదు. నాది ఏందో తెలుసుకోవాల."

నాతోనే మళ్లీ బెంగళూరు వచ్చింది. ఆ నిపుణురాలు ఓపిగ్గా విన్నది. అయితే చిన్నప్పుడు అత్త ఎట్లా ఉండేదో చూసినవాళ్లు చెబితే తప్ప తేల్చలేనన్నది. మా అవ్వ ఎప్పుడో పోయింది. మిగిలింది నాయన ఒక్కడే. ఆయన రానన్నాడు. శెనక్కాయ పీకుళ్లున్నాయన్నాడు, నడుం నొప్పన్నాడు. అత్త బతిమాలలేదు. మళ్లీ పోవాల్సిన రోజు మాత్రం, మేం బస్టాండుకు చేరేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆయన ముందే నిలబడి ఉన్నాడు.

ఆ గదిలో నాయన చాలాసేపు తల దించుకొని మాట్లాడాడు. "పెండ్లి మేళం వచ్చిందంటే జొన్నల గాదెలో దూరేదమ్మా. మా యమ్మ కట్టె తీసుకొని ఎతుకుతాండేది. నేను గాదె ముందర నిలబడి, ఈడ లేదమ్మా అని చెప్తాంటి."

అత్త మొదటిసారి అన్న వైపు తిరిగింది. "నేనే బాగా దాక్కున్యానని అనుకుంటి కదన్నా ఇన్నేండ్లూ."

నాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు వెళ్లాల్సి వచ్చింది. చివరికి ఆ నిపుణురాలు, ఇది ఆటిజమేనని, పుట్టుకతో వచ్చిందని, దీనికి మందు లేదని, ఇందులో ఎవరి తప్పూ లేదని చెప్పింది. తిరుగు బస్సులో అత్త నాయన పక్కన కూర్చుంది.

"నాది పొగరు కాదన్నా," అంది ఉన్నట్టుండి.

నాయన కిటికీలోంచి బయటకు చూస్తూ అన్నాడు: "నాకు తెలుసు లేమ్మే."

ముందే తెలిసుంటే కాపురం నిలబడేదా అని తర్వాతెప్పుడో అడిగాను. "నిలబడేది కాదేమో. నన్ను నేను తిట్టుకునేది మాత్రం తప్పేది," అంది. ఆ తర్వాత ఆమె మారిందేమీ లేదు. చుట్టాలొస్తే వంటింట్లోకే పోయేది. కాకపోతే తలుపు వేసుకునే ముందు, "నాకు మోత పడదు, మీరు కూచోండి," అని చెప్పి మరీ వేసుకునేది. నా కొడుకు ఎదుగుతుంటే నాకు భయమేసినప్పుడల్లా ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. "వాన్ని తొందరపెట్టాకు. వానికి తెలిసే దారి వేరే," అనేది.

రెండేళ్ల కిందట పక్కవీధి టైలరు భార్య అత్త సంగతి విని, ఎవరితోనూ మాట్లాడని తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. "నేను డాక్టర్ని గాదుమ్మా. ఏమైనా సరే ఆ పాపను బెంగళూరుకు పిలుచుకొని పోండి. అంతవరకూ ఈడ కూచోనీ," అంది అత్త. అప్పటి నుంచి సాయంత్రమైతే ఆ పిల్ల వచ్చేది. ఇద్దరూ అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాళ్లు. వాళ్ల మధ్య మాటలుండేవి కావు.

అత్త పోయిన రోజు నేను వెళ్లేసరికి ఇల్లంతా ఏడుపులు. ఆ పిల్ల మాత్రం అత్త కాళ్ల దగ్గర గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. "ఇంత చనువిస్తే కంట్లో చుక్క నీళ్లు లేవు చూడు," అని ఎవరో గొణిగారు.

"ఆ పాపనేమీ అనాకండప్పా," అన్నాడు నాయన గట్టిగా.

ఆ పిల్ల ఎవరి వైపూ చూడలేదు. తన దుపట్టా కొసతో అత్త పాదాల మీద వాలే ఈగలను నెమ్మదిగా తోలుతూ, సాయంత్రం పాడె ఎత్తేదాకా అక్కడే ఉంది.