ఎత్తు పునాది ఇల్లు

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, రాజమహేంద్రవరంలోని మా పరిశోధన సంస్థ నన్ను సీనియర్ రీసెర్చ్ ఆఫీసరుగా కోనసీమలో గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక గ్రామానికి పంపింది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు ఏ ఇంటికి ముందు పడవ పంపాలో వరస నిర్ణయించడం మా పని.

మా రంగంలో రెండు మాటలను కలపకూడదు. వరద, తుపాను ముప్పులు. ఆ ముప్పు మనుషుల మీద పడి, వారు తట్టుకోలేకపోతే అప్పుడది విపత్తు. ఖాళీ ఇసుకతిన్నె మీదుగా ఎంత వరద పారినా విపత్తు కాదు. ఒకే నీటికి ఒక ఇల్లు తట్టుకుని పక్క ఇల్లు దెబ్బతింటే, ఆ తేడాను దుర్బలత అంటాము.

ఇంత చదువుకున్న మా బృందం వరసను మాత్రం పునాది ఎత్తును బట్టే వేసింది. పల్లపు ఇళ్లు ముందు, ఎత్తు ఇళ్లు తరవాత. అన్నిటికన్నా ఎత్తయిన పునాది సుబ్బలక్ష్మి గారిది. దాంతో మా జాబితాలో ఆమెకు చివరి పడవ పడింది.

కొలతలు సరిచూడడానికి నేను ఆ ఇంటికి వెళ్లాను. నిటారు మెట్లు ఎక్కితే, లోపల మంచం మీద ఆమె భర్త వెంకట్రావు గారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. మీకు వరద ఆపద కాదా అని సుబ్బలక్ష్మి గారిని అడిగాను.

“ఏటా వచ్చే గోదారిని ఆపదంటే ఎలాగండీ? నీళ్లు మా గడప తొక్కవు. ఈయన్ని దింపడమే కష్టం. నలుగురు మగాళ్లుండాలి.”

“దింపేటప్పుడు బరువెక్కానని తిట్టుకుంటారండీ,” అన్నారాయన.

“రాత్రిపూట పెరుగన్నం మానమంటే మానరు మరి,” అని ఆమె దుప్పటి సర్దారు.

చివరి పడవ వచ్చేసరికి ఆ నలుగురూ ముందు పడవల్లో వెళ్లిపోయి ఉంటారు. మరి అప్పుడేం చేస్తారంటే, ఆమె నా వైపు చూడకుండా, “నీళ్లు తీసేదాకా, మందులున్నా లేకపోయినా, ఇద్దరం ఇక్కడే ఉంటామండీ,” అన్నారు.

మా బృంద నాయకుడు డాక్టర్ ప్రసాద్ నా కన్నా చాలా చిన్నవాడు. మునిగే ఇంటిని ఆపి మునగని ఇంటికి పడవ ముందు పంపితే రేపు నన్ను అడగరా మేడం అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మనం కొలిచింది ముప్పును, వరస వేయవలసింది విపత్తుకు, అన్నాను. ఆ ఎత్తే ఆ ఇంటి దుర్బలత అని కూడా చెప్పాను. అతను నాతో పడవెక్కి ఆ ఇంటికి వచ్చాడు. వెంకట్రావు గారిని మెట్లు దింపి చూద్దామని, మంచానికి తనే ఒక కోడు పట్టాడు. సగంలో ఆగి చెమట తుడుచుకున్నాడు. సాయంత్రానికి వరస మారింది.

ఆగస్టులో రెండో హెచ్చరిక వచ్చింది. మర్నాడు సుబ్బలక్ష్మి గారు పునరావాస కేంద్రం నుంచి ఫోన్ చేశారు. “మొదటి పడవ మాదేనండీ. నన్ను ఆయన పక్కనే కూచోబెట్టారు. కొత్త పెళ్లికూతురిలా ముడుచుకు కూచున్నావేంటే అని ఆయనది ఒకటే ఎగతాళి!”

నీటి మట్టం ముప్పును మాత్రమే చెబుతుంది. అది ఏ ఇంట్లో విపత్తవుతుందో తెలియాలంటే, ఆ ఇంట్లో ఎవరిని ఎవరు మోయాలో అడగాలి. ఆ తరవాత నేను చేసిన సర్వేలన్నిటిలో పునాది కొలిచే ముందు ఆ ప్రశ్న అడిగించాను.